గంటల లెక్కలో దాగిన గండము

బ్యాంకు ఖాతాలు, పరీక్షల మార్కులు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రులలోని రోగుల వివరములు నేడు కాగితముల మీదకంటె కంప్యూటరు డిస్కుల మీదనే ఎక్కువగా నిలిచియున్నవి. పెద్ద సంస్థలు ఒక్క డిస్కును నమ్ముకొనవు. పదులకొలది డిస్కులను ఒకచోట అమర్చి, అవన్నియు కలిసి ఒకే పెద్ద డిస్కువలె పనిచేయునట్లు చేయుదురు. దీనిని స్టోరేజి ఎర్రే అందురు. ఇందులో ఒక డిస్కు చెడినను సమాచారము చెడదు. మరి డిస్కులన్నియు ఇంచుమించు ఒకే గంటలో ఆగిపోవుట సంభవమా? సంభవమేనని 2019 నవంబరులో వెల్లడియైనది. దానిని అర్థము చేసికొనుటకు హైస్కూలు గణితము చాలును.

పోయిన అంకెను రాబట్టుట

1988లో అమెరికాలోని బర్క్లీ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు డిస్కులను గుంపుగా వాడు పద్ధతులను ఒక వ్యాసమున వివరించి, వానికి 'రెయిడ్' అని పేరు పెట్టిరి. అందలి ఒక ఉపాయమును చూడుడు. మూడు డిస్కులలో వరుసగా 1, 0, 1 అను అంకెలున్నవనుకొందము. మొత్తము మీద 1ల సంఖ్య సరిసంఖ్య యగునట్లు నాలుగవ డిస్కులో ఒక అంకెను వ్రాయుదుము. ఇచ్చట అది 0. ఇప్పుడు రెండవ డిస్కు చెడినది. మిగిలినవి 1, 1, 0. వీనిలో 1ల సంఖ్య ఇదివరకే సరిసంఖ్య కనుక, పోయినది 0 అని తేలుచున్నది.

రెండు డిస్కులు పోయినచో? అవ్యక్తములు రెండు, సమీకరణము ఒకటే. జవాబు రాదు. ఇట్టి తనిఖీ అంకెలను రెండు విధములుగా వ్రాసి, రెండు డిస్కుల నష్టమును తట్టుకొను ఏర్పాట్లును కలవు. మూడవది పోయినచో అవియు చేతులెత్తివేయును.

అయినను భయమెందుకు లేదు? ఒక డిస్కు ఒకానొక దినమున చెడు సంభావ్యత వేయింట ఒకటి అనుకొనుడు. రెండు డిస్కులు ఆ దినముననే చెడు సంభావ్యత ఈ రెంటి లబ్ధము, అనగా పది లక్షలలో ఒకటి. కాని ఈ గుణకారమునకు ఒక షరతు కలదు. ఆ రెండును స్వతంత్ర ఘటనలు కావలెను. ఒకటి చెడుటకును రెండవది చెడుటకును ఉమ్మడి కారణము ఉండరాదు.

ఫర్మ్‌వేరు అనగానేమి?

ప్రతి డిస్కులోను ఒక చిన్న కంప్యూటరు కలదు. ఏ సమాచారమును ఎచ్చట వ్రాయవలెనో, ఎచ్చట చదువవలెనో నిర్ణయించునది అదియే. దానిని నడుపు ఆదేశముల వరుసను తయారీదారు డిస్కులోనే పొందుపరచును. అదియే ఫర్మ్‌వేరు. డిస్కు పుట్టినది మొదలు ఎన్ని గంటలు పనిచేసినదో లెక్కపెట్టుటయు దాని విధులలో నొకటి.

32,768వ గంట

హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ 2019 నవంబరులో ఒక హెచ్చరిక చేసినది. తాము అమ్మిన కొన్ని రకముల సాలిడ్ స్టేట్ డిస్కులు 32,768 గంటలు, అనగా 3 సంవత్సరముల 270 దినముల 8 గంటలు పనిచేసిన పిమ్మట ఆగిపోవుననియు, అటుపిమ్మట డిస్కు గాని అందలి సమాచారము గాని తిరిగి రాదనియు, ఆ లోపలనే కొత్త ఫర్మ్‌వేరును ఎక్కించుకొనవలెననియు దాని సారాంశము.

ఈ సంఖ్యను గమనింపుడు. ఇది 2 యొక్క 15వ ఘాతము. కంప్యూటరులో 16 బిట్ల గడిలో ధన, ఋణ సంఖ్యలు రెంటిని వ్రాయవలసినచో మొదటి బిట్టు గుర్తునకు పోవును. అపుడు పట్టు సంఖ్యలన్నిటిలో పెద్దది 32,767. దీనికి ఒకటి కలిపినచో మొదటి బిట్టు 1గా మారి, ఆ గడి ఋణ 32,768ను చూపును! సైకిలు మీటరు 9999 తరువాత 0000 చూపినట్లే యిదియు. పనిచేసిన కాలము ఋణసంఖ్య యైనచో ఏమి చేయవలెనో ఫర్మ్‌వేరునకు తెలియదు. ఇక్కడ జరిగినది ఇదియేనని ఆ సంఖ్యయే సూచించుచున్నది.

అసలు ప్రమాదము ఇంకొకటి. ఒక ఎర్రేలోని డిస్కులను సాధారణముగా ఒకేసారి కొని, ఒకే దినమున మొదలుపెట్టుదురు. కనుక అన్నిటి గంటలును సమానమే. కవలపిల్లలకు జాతకములో ఒకే గండము వ్రాసియున్నట్లు, అన్నిటికిని ఒకే గంటకు ఆపద వచ్చును. మన గుణకారమునకు ఆధారమైన స్వాతంత్ర్యము ఇచ్చట లేదు. తనిఖీ అంకెలున్న డిస్కు కూడ తక్కినవానితోనే ఆగును.

2020 మార్చిలో ఆ సంస్థయే 40,000 గంటలకు ఆగిపోవు మరికొన్ని డిస్కులను గూర్చి హెచ్చరించినది. ఈ సంఖ్య 2 యొక్క ఘాతము కాదు. ఇట్టి 40,000 గంటల దోషమునకు డెల్ సంస్థ చెప్పిన కారణమిది: ఒక వరుస సంఖ్యకు గరిష్ఠ పరిమితి 'న' యని సరిచూడవలసినచోట, పొరపాటున 'న-1' అని చూచుచున్నది. తరగతిలో నలుబదిమంది యుండగా, హాజరుపట్టీలో ముప్పదితొమ్మిది వరకే యున్నదని నలుబదవ పిల్లవానిని చూచి బడినే మూసివేసినట్లున్నది.

తాత్కాలికోపాయము, చికిత్స

బోయింగు 787 విమానములలోని విద్యుత్ నియంత్రణ యంత్రములు 248 దినములు ఎడతెగక నడచినచో లెక్క పొంగి, విద్యుత్తు ఆగిపోగలదని 2015లో తెలిసినది. 120 దినములు దాటకుండ విద్యుత్తును ఒకసారి ఆపి మరల పెట్టవలెనని అమెరికా విమానయానశాఖ ఆదేశించినది. ఆపగానే ఆ లెక్క సున్నకు వచ్చును. ఇది తాత్కాలికోపాయము.

క్రూషల్ ఎం4 అను డిస్కు 5,184 గంటల తరువాత మాటాడుట మానివేసెడిది. ఆపి పెట్టినచో మరియొక గంటసేపు పనిచేసెడిది. 2012 జనవరిలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేరు దీనిని నయము చేసినది. 32,768 గంటల దోషమునకు ఆపి పెట్టుట ఉపయోగపడదు. గంటల లెక్క డిస్కులో శాశ్వతముగా వ్రాయబడియుండుటయే కారణము. దానికి గడువులోపల కొత్త ఫర్మ్‌వేరే చికిత్స.

కనుక ఎర్రేను కాపాడువారు చేయవలసిన పనులు నాలుగు. డిస్కులు పనిచేసిన గంటలను అప్పుడప్పుడు చదువుట. తయారీదారుల హెచ్చరికలలోని నమూనా సంఖ్యలను తమ డిస్కులతో పోల్చుట. ఫర్మ్‌వేరు మార్చుటకు ముందు సమాచారమును వేరొక చోట నకలు తీయుట. ఆ నకలును అదే రకమునకు, అదే వయస్సునకు చెందిన డిస్కులపై ఉంచకుండుట. పాఠశాల కార్యాలయములో మార్కులను దాచుకొను ఒక్క కంప్యూటరునకును ఈ చివరి రెండు సూత్రములు వర్తించును.

విద్యార్థులకు ఒక లెక్క. విండోస్ 95, 98లలో కాలమును సెకనులో వెయ్యవ వంతులుగా 32 బిట్ల గడిలో లెక్కపెట్టుచుండిరి. ఋణసంఖ్యలు లేవు. ఎన్ని దినములకు ఆ గడి నిండును? జవాబు ఏబది దినములకు కొంచెము తక్కువగా రావలెను.