బటన్ నొక్కితే పలకని కొత్త కంప్యూటర్

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో నాలుగు షాపులు తిరిగి విడిభాగాలు కొంటారు. ఆదివారం డైనింగ్ టేబుల్ ఖాళీ చేయించి, వీడియో చూసుకుంటూ ఒక్కొక్కటే బిగిస్తారు. ఇంట్లోవాళ్లంతా చుట్టూ చేరాక బటన్ నొక్కుతారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అప్పుడు ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం ఒకటే: షాపువాడు పాడైన మదర్‌బోర్డు అంటగట్టాడేమో!

ఆ అనుమానాన్ని కాసేపు పక్కన పెట్టండి. కొత్తగా బిగించిన కంప్యూటర్ లేవకపోతే చాలాసార్లు తప్పు వస్తువులో ఉండదు, బిగింపులో ఉంటుంది. పైగా ‘స్టార్ట్ కావట్లేదు’ అనే ఒక్క మాట వెనక మూడు వేర్వేరు జబ్బులున్నాయి. అసలు కదలికే లేకపోవడం ఒకటి. ఫ్యాను క్షణం తిరిగి ఆగిపోవడం ఇంకొకటి. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా తెర నల్లగా ఉండిపోవడం మూడోది. మీది ఏదో తేల్చుకోకుండా స్క్రూడ్రైవరు పట్టుకుంటే సాయంత్రం దాకా తిరిగిన చోటే తిరుగుతారు.

అసలు బటన్ చేసే పని చాలా చిన్నది. బోర్డు మీది రెండు పిన్నులను క్షణం పాటు కలుపుతుంది, అంతే. దాంతో బోర్డు, కరెంటునిచ్చే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్‌ను లేపుతుంది. 12, 5, 3.3 వోల్టుల కరెంటు నిలకడగా వస్తోందని ఎస్‌ఎంపీఎస్ కబురు పంపాకే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. తర్వాత ర్యామ్, ఆపైన గ్రాఫిక్స్, చివరికి డిస్కు. ఈ వరసలో బండి ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే మన పని.

కదలికే లేదంటే ముందు ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ చూడండి. నిలువు గీత వైపు నొక్కి ఉంటే ఆన్, సున్నా వైపు ఉంటే ఆఫ్. నవ్వుకోకండి, అనుభవం ఉన్నవాళ్లూ ఇక్కడ బోల్తా పడతారు. తర్వాత క్యాబినెట్ బటన్ నుంచి వచ్చే సన్న వైరు. బోర్డు మూలన పిన్నుల గుంపులో అది ఎక్కడ గుచ్చుకోవాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. అనుమానముంటే ఆ వైరు పీకేసి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం కలపండి. కంప్యూటర్ లేచిందా, తప్పు బటన్‌దో దాని వైరుదో. లేవకపోతే 24 పిన్నుల పెద్ద కనెక్టర్ కొక్కెం టక్కుమని పడేదాకా నొక్కండి. బోర్డు విరిగిపోతుందేమోనన్న భయంతో చాలామంది దాన్ని సగంలోనే వదిలేస్తారు.

ప్రాసెసర్ పక్కన, బోర్డు పైమూలన 8 పిన్నుల సాకెట్ ఇంకొకటి ఉంటుంది. నేను మొదటిసారి బిగించినప్పుడు రెండు గంటలు తినేసింది ఇదే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా, కరెంటుకేం లోటు అనుకున్నాను. ప్రాసెసర్‌కు కరెంటు ఆ దారినే వెళ్తుందని తెలియలేదు. అచ్చం ఇలాంటి తలే గ్రాఫిక్స్ కార్డు వైరుకీ ఉంటుంది. విడదీస్తే 4, 4గా విడిపోయేది ప్రాసెసర్‌ది. 6, 2గా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుది. పట్టనిదాన్ని బలవంతంగా దూర్చకండి. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లను కొత్తదానికి తగిలించకండి. సాకెట్ ఒకేలా ఉన్నా లోపల పిన్నుల వరస వేరు కావచ్చు. అప్పుడు కాలిపోయేది మీ డిస్కు.

లేచి వెంటనే పడిపోతోందా? ఎక్కడో షార్ట్ అవుతోందేమో చూడాలి. బోర్డు క్యాబినెట్ రేకుకు తగలకుండా కింద పొట్టి ఇత్తడి కాళ్లు బిగిస్తారు. బోర్డులో రంధ్రం లేనిచోట ఒక్క కాలు మిగిలిపోయినా, జారిన మర ఒకటి కింద ఇరుక్కున్నా చాలు. కరెంటు ప్లగ్గు పీకి, బోర్డును బయటికి తీసి దాని అట్టపెట్టె మీదే పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే ఉంచి మళ్లీ నడపండి. బయట నడిచి లోపల నడవకపోతే దోషం క్యాబినెట్‌లోనే దొరుకుతుంది.

నల్లతెర దగ్గర మాత్రం ఓపిక కావాలి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కంప్యూటర్ మొదటిసారి ఆ ర్యామ్‌ను సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. కంగారుపడి ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. టీ పెట్టుకు తాగి రండి. అప్పటికీ తెర రాకపోతే మానిటర్ కేబుల్ ఎక్కడుందో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే తగిలించాలి. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ లాంటి ‘ఎఫ్’ రకం ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డు వెనక సాకెట్ నుంచి బొమ్మ రాదు. ర్యామ్ రెండైతే, నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. చాలా కొత్త బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏది ఆరకుండా వెలుగుతోందో అక్కడ వెతకండి. అన్నీ సరిగ్గా ఉన్నా లేవని సందర్భమూ ఉంది. 2018లో వచ్చిన బీ450 బోర్డుకు, అది వచ్చాక 2020లో పుట్టిన రైజెన్ 5000 ప్రాసెసర్‌ను గుర్తుపట్టాలంటే బోర్డులోని బయాస్ సాఫ్ట్‌వేర్‌ను కొత్తది చేయాలి. కొనేముందే షాపులో అడగాల్సిన ప్రశ్న అది.

ఏం చేసినా ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక కూడా లేవకపోతే అప్పుడు షాపుకి వెళ్లండి. ప్రాసెసర్ పెట్టేముందు సాకెట్ మీంచి తీసిన ప్లాస్టిక్ మూత వెంట తీసుకెళ్లండి. అది లేకుండా బోర్డును వారంటీలో వెనక్కి తీసుకోవడానికి చాలా కంపెనీలు పేచీ పెడతాయి.