వార్తల్లో పదం: హెచ్‌టీఎంఎల్ ఎడిటర్

వెబ్ పేజీకి అస్థిపంజరం హెచ్‌టీఎంఎల్. వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్‌లీ రూపొందించిన ఈ భాషలోని ట్యాగులను, అంటే పేజీలోని భాగాలను సూచించే గుర్తులను, రాసుకునే సాఫ్ట్‌వేరే ఎడిటర్. కొత్తవారికి విండోస్‌లోని నోట్‌ప్యాడ్ చాలు. 2003లో వచ్చిన నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఇంకా మేలు. ఉచితం, ట్యాగులను రంగుల్లో చూపుతుంది, పాత కంప్యూటర్లోనూ చకచకా నడుస్తుంది. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ అక్కర్లేదు. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి పల్లెల్లో సిగ్నల్ పోయినా పని ఆగదు. ట్యాగులు రాయకుండానే పేజీ తయారుచేసిపెట్టే సాధనాల జోలికి మొదట్లోనే వెళ్లొద్దు.

ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి, లేదంటే తెలుగు అక్షరాలు చెదిరిపోవచ్చు. భద్రాచలం ఏజెన్సీలో కోయ భాషనూ తెలుగు లిపిలోనే రాస్తారు. అయినా కోయ పేజీ మొదటి ట్యాగులో, భాష పేర్కొనేచోట, తెలుగు కోడ్ 'టీఈ' వేయకూడదు. కోయకు సొంత కోడ్ ఉంది: 'కేఎఫ్ఎఫ్'.