ఇరవై ఆరు ముఖాల గది

సన్నటి దారానికి కట్టిన మామూలు మేకు ఒకటి గాలిలో అడ్డంగా నిలిచి వణుకుతుంటుంది. దాని మొనకు ఎదురుగా, కాస్త ఎడంలో, ఒక సూదంటురాయి. రాయి లాగుతుంటే దారం పట్టి ఆపుతుంది. గ్రీకు శిల్పి టాకిస్ 1959లో పారిస్‌లో ఇలాంటి శిల్పాలు మొదలుపెట్టాడు. చూస్తూ నిలబడితే కాసేపటికి మన చూపు మేకును వదిలి, మేకుకీ రాయికీ నడుమనున్న ఆ కాస్త ఖాళీలో ఇరుక్కుపోతుంది. ఆయనను కళాకారుడు మార్సెల్ డ్యుషాన్ అయస్కాంత క్షేత్రాలను దున్నే రైతుతో పోల్చాడట. తెలుగులో ఆ పోలిక ఇంకా బాగా అతుకుతుంది. మనకు క్షేత్రమంటే పొలమే కదా.

1968లో టాకిస్ అమెరికాలోని ఎంఐటీకి వెళ్లాడు. కళాకారుల కోసం గ్యోర్గీ కెపెష్ అక్కడ ఒక కేంద్రం నెలకొల్పాడు. దాదాపు అదే కాలంలో, అదే విద్యాసంస్థలో, డేవిడ్ కోహెన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక గది కట్టించే పనిలో పడ్డాడు. మెదడు చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకోవడానికి ఆ గది.

మెదడు పని విద్యుత్తుతో నడుస్తుంది. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లోనే మనిషి తల నుంచి ఆ విద్యుత్ అలలను నమోదు చేశాడు. అదే ఈఈజీ. కరెంటు పారేచోట దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుందని 1820లోనే ఓర్‌స్టెడ్ చూపించాడు. అంటే ఆలోచిస్తున్న ప్రతి తల చుట్టూ ఒక క్షేత్రం ఉండితీరాలి. చిక్కల్లా దాని బలంతోనే. మెదడు పైపొరలో వరిదుబ్బుల్లా ఒకే వరసన నిలబడ్డ నాడీకణాలు వేలకు వేలు ఒక్కసారిగా కదిలితేనే తల బయట ఏ కాస్తో తెలుస్తుంది. ఆ కాస్త కూడా భూమి అయస్కాంత క్షేత్రం కంటే కోట్ల రెట్లు బలహీనం. పక్క వీధిలో కారు వెళ్లినా, మేడలో లిఫ్టు కదిలినా అది మునిగిపోతుంది.

ఈఈజీ ఉండగా ఇంత శ్రమ ఎందుకంటే, పుర్రె విద్యుత్తును సులువుగా పోనివ్వదు. సంకేతం తలచర్మానికి చేరేసరికి తడి కాగితం మీది సిరాలా అలుక్కుపోతుంది. ఎక్కడ పుట్టిందో చెప్పడం కష్టం. అయస్కాంత క్షేత్రానికి మాత్రం పుర్రె ఉన్నా లేనట్టే.

కోహెన్ మొదటి ప్రయత్నం ఎంఐటీకి రాకముందు, 1968లో, ఇల్లినాయ్‌లో. పది లక్షల చుట్లు చుట్టిన రాగి తీగ ఆయన పరికరం. కళ్లు మూసుకుని తేలిగ్గా కూర్చున్నప్పుడు మెదడులో సెకనుకు సుమారు 10 సార్లు లేచే ఆల్ఫా అలను అది పట్టింది. కానీ తీగచుట్ట సొంత రొదే అలకంటే పెద్దది. ఈఈజీని తోడు పెట్టుకుని, ఎన్నో అలల సగటు తీస్తే గాని జాడ తేలలేదు.

అందుకే ఎంఐటీలో కొత్త గది. గోళానికి దగ్గరగా వచ్చేలా దానికి 26 ముఖాలు పెట్టారు. గోడలు పొరలు పొరలు. ఇనుము, నికెల్ కలిసిన మిశ్రలోహపు పొరలు బయటి క్షేత్రాన్ని తమలోకి లాక్కుని, లోపలికి పోనీయకుండా చుట్టు తిప్పి పంపేస్తాయి. అల్యూమినియం పొరలు చకచకా మారే క్షేత్రాలకు ఎదురు నిలుస్తాయి. దీన్ని ప్రయోగశాల సామగ్రి అని సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పదు. టాకిస్ ఖాళీని బలంతో నింపి చూపించాడు, కోహెన్ ఖాళీలోంచి బలాన్నంతా తోడేశాడు. నా దృష్టిలో ఇదీ శిల్పమే.

1969 డిసెంబరు ఆఖర్లో జేమ్స్ జిమ్మర్‌మన్ తాను తయారుచేసిన స్క్విడ్‌తో ఆ గదికి వచ్చాడు. సున్నా కంటే 269 డిగ్రీలు దిగువన, ద్రవ హీలియంలో మునిగి అయస్కాంత క్షేత్రాన్ని పట్టే అతి సున్నితమైన పరికరం అది. ముందుగా గుండెను విన్నారు. గుండె క్షేత్రం అంత స్పష్టంగా అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. 1972లో కోహెన్ మెదడు ఆల్ఫా అలను ఏ సగటూ తీయకుండా, ఉన్నదున్నట్టు నమోదు చేశాడు. మెదడు అయస్కాంత క్షేత్రాన్ని నమోదు చేసే ఎంఈజీ యంత్రం అలా నిలదొక్కుకుంది.

తర్వాత అది పెద్ద శిరస్త్రాణంగా పెరిగింది. తల చుట్టూ 300 దాకా గ్రాహకాలు. మూర్ఛ రోగులకు శస్త్రచికిత్స చేసేముందు, మూర్ఛ మొదలయ్యే చోటును వెతకడానికి వైద్యులు దాన్ని వాడుతున్నారు. అయితే హీలియం చలి చర్మానికి తగలకుండా మధ్యలో మందపాటి గోడ ఉండాలి. శిరస్త్రాణం కొలత కూడా అందరికీ ఒకటే. పసివాడి తల అందులో వదులుగా ఉండిపోతుంది. దూరం పెరిగేకొద్దీ క్షేత్రం సన్నగిల్లుతుంది కనుక, వైద్యుడికి కావలసిన సమాచారం ఆ ఖాళీలోనే పోతుంది.

2018లో బ్రిటన్ పరిశోధకులు హీలియంతో పనిలేని గ్రాహకాలతో కొత్త శిరస్త్రాణం చేశారు. వాటిలో ఉండేది రుబీడియం ఆవిరి. ఒక మనిషి తల ఆకారాన్ని కొలిచి, అచ్చంగా ఆ తలకే సరిపోయేలా త్రీడీ ప్రింటర్‌తో దాన్ని తయారుచేశారు. అది పెట్టుకుని ఆ మనిషి తల ఊపాడు, ఒళ్లు విరుచుకున్నాడు, కప్పెత్తి తాగాడు, బ్యాటుతో బంతిని తట్టాడు. ఆ సేపంతా గ్రాహకాలు మెదడును వింటూనే ఉన్నాయి. తలకీ వాటికీ మధ్య ఖాళీ కొన్ని మిల్లీమీటర్లు.