చిన్న వేషములు, చెదరని ముద్ర: తిమోతీ కేరీ

చలనచిత్రములలో నాయక పాత్రధారుల పేర్లు అందరికిని తెలిసియుండును. కాని, తెరపై కొలది నిమిషములు మాత్రమే కనిపించి, కథ మరచిన పిదపకూడ ప్రేక్షకుని మనస్సును విడువని నటులు కొందరు కలరు. లోకము వీరిని తారలుగా లెక్కింపదు. కొద్దిమంది అభిమానులు మాత్రము వీరి చిత్రములను వెదకి వెదకి చూతురు. అమెరికా నటుడు తిమోతీ కేరీ ఇట్టివారిలో నొకడు.

ఆయన 1929 మార్చి 11వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌లో జన్మించెను. ఆరడుగుల నాలుగంగుళముల పొడవు, వ్రాలిన కనురెప్పలు, పండ్లు బిగించి మాటలాడు తీరు ఆయనకు దుష్టపాత్రలను తెచ్చిపెట్టినవి. 1953 నాటి 'ది వైల్డ్ వన్'లో ఆయనది పేరైనను లేని వేషము. అయినను బీరు నురుగును కథానాయకుడగు మార్లన్ బ్రాండో ముఖముపై చిమ్మి, చూపరుల దృష్టిని తనవైపు త్రిప్పుకొనెను.

ఈ విపరీత స్వభావమును కళకు వినియోగించుకొనినవాడు దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్. 1956లో వెలువడిన 'ది కిల్లింగ్'లో పందెపు గుఱ్ఱమును తుపాకితో కాల్చువాని వేషమును, 1957లో వెలువడిన 'పాత్స్ ఆఫ్ గ్లోరీ'లో ఫెరోల్ అను ఫ్రెంచి సైనికుని వేషమును కేరీకి ఇచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అధికారుల దోషమునకు బలియగు ముగ్గురు సైనికులలో ఫెరోల్ ఒకడు. వధ్యస్థలమునకు నడచుచు ఆతడు మతగురువును ఆనుకొని పసివానివలె వెక్కివెక్కి ఏడ్చును. అందు వీరమరణపు ఆర్భాటము లేదు; చావునకు భయపడు మానవుడు మాత్రమే కలడు. ఆ దృశ్యము చూచినవారికి యుద్ధనీతి యందలి క్రౌర్యము వేఱుగ బోధింపనక్కఱలేదు.

కాని జర్మనీలో ఆ చిత్రనిర్మాణము సాగుచుండగనే, పత్రికలలో పేరు మ్రోగవలెనని కేరీ తన్నెవరో అపహరించినట్లు బూటకము పన్నెను. నిర్మాత ఆయనను పనినుండి తొలగించెను. చిత్రనిర్మాణము దినదినమును ధనవ్యయముతో కూడిన పని. రేపేమి చేయునో తెలియని నటుని నమ్మి పెద్ద పాత్ర ఇచ్చుటకు నిర్మాతలు జంకుదురు. నటనకు జీవము పోసిన స్వభావమే బ్రతుకుతెరువునకు అడ్డు వచ్చినది.

ఇతరులు ఇయ్యని నాయక పాత్రను ఆయన తానే సృష్టించుకొనెను. 1962 నాటి 'ది వరల్డ్స్ గ్రేటెస్ట్ సిన్నర్'కు రచన, దర్శకత్వము, నిర్మాణము, ప్రధాన పాత్ర అన్నియు ఆయనవే. బీమా ఉద్యోగి యొకడు కొలువు విడిచి గాయకుడై, రాజకీయములలో దిగి, తుదకు తానే దైవమని చాటుకొనుట ఇందలి కథ. ఇరువదేండ్ల ప్రాయపు ఫ్రాంక్ జాపా సంగీతము కూర్చెను. ఈ చిత్రము కొలది ప్రదర్శనశాలలకే పరిమితమైనను, విన్నవారి నోటిమాటవలన బ్రతికినది.

పిదప దర్శకుడు జాన్ కాసవెటీస్ 1971, 1976 సంవత్సరముల చిత్రములలో ఆయనకు చోటిచ్చెను. 1992 నాటి 'రిజర్వాయర్ డాగ్స్' చిత్రకథను క్వెంటిన్ టరాంటినో అంకితమొనర్చిన కొందరిలో కేరీ పేరును కలదు. 1994 మే 11వ తేదీన ఆయన మరణించెను. ఆయనను తెలిసికొనగోరువారు ముందుగ ఫెరోల్ కడపటి నడకను చూడవలెను. చేష్టలకై నవ్వినవారుకూడ అచ్చట నవ్వజాలరు.