పందియండమును, అందలి కొవ్వు ఆమ్లములును

సంస్కృతాంధ్రములు చదువుకొన్న ముసలి ఉపాధ్యాయుడు పందిని గూర్చి ప్రసంగించుట విని పెద్దలు కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్నను దోషము లేదు. వరాహమూర్తి ముద్ర గల బంగారు నాణెములను వరాహలని పిలిచి మూటలు గట్టి దాచుకొన్నది మన పూర్వులే గదా! నేను చెప్పబూనినది ఆ జంతువుయొక్క అండమును గూర్చి. అండమనగా కోడిగ్రుడ్డువలె పెంకు గలది కాదు. ఆడుపంది కడుపులో గర్భసంచికి ఇరుప్రక్కల నుండు అండకోశములయందు పెరుగు స్త్రీబీజము. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రము. చూపు చక్కగ నున్నవానికి చిన్న చుక్కగా కనబడిన కనబడును, లేకున్న లేదు.

ఇంత చిన్న వస్తువునకై శాస్త్రజ్ఞులు ఏల శ్రమపడుచున్నారందురా? 2022వ సంవత్సరము జనవరి మాసమున అమెరికాలోని బాల్టిమోరు నగరమున మేరీలాండు విశ్వవిద్యాలయ వైద్యులు పంది గుండెను ఒక రోగికి అమర్చిరి. అతడు రెండు నెలలు జీవించెను. 2024 మార్చిలో బోస్టను నగరమున పంది మూత్రపిండమును బ్రతికియున్న మనుష్యునకు అమర్చిరి. ఆ పందులు సామాన్యమైనవి కావు. మనుష్యదేహము వానిని పరాయివని త్రోసివేయకుండునట్లు వాని జన్యువులను మార్చి పుట్టించినవి. అట్టి పందిని పుట్టించుటకు, మార్చిన కణముయొక్క కేంద్రకమును, స్వకేంద్రకము తీసివేయబడిన పందియండములో చొప్పింతురు. ఆ అండము చక్కగ పరిపక్వమైనదిగా నుండవలయును. పక్వము గాని కాయలో విత్తు మొలకెత్తనట్లే, పక్వము గాని అండమునుండి పిండము నిలువదు.

ఈ పరిపాకమేమో కొంచెము వివరింపవలసియున్నది. పందిపిల్ల చిన్నదిగా నున్నప్పుడే దాని అండములు విభజన నారంభించి నడుమ ఆగిపోయి నిద్రించుచుండును. ఈడు వచ్చిన పంది ఇరువదియొక్క దినములకొకమారు ఎదకు వచ్చును. అప్పుడు మెదడు క్రిందనుండు గ్రంథి విడుచు రసము రక్తమున బడి అండకోశమును చేరగా, ఎదిగిన అండములు నిద్ర మేల్కొనును. కేంద్రకపు పొర కరగిపోవును. క్రోమోసోములు సగము అండమున నిలిచి, తక్కిన సగము చిన్న కణికయై వెలికి నెట్టబడును. ఇంతయు జరుగుటకు రెండు దినములకు కొంచెము తక్కువ పట్టును. పిమ్మట అండము విడుదలయగును.

అండమును వెలికి తీసినచో అది తనంతనే మేల్కొనునని కుందేలు అండములయందు 1935లో పింకసు, ఎంజుమను అను వారు కనుగొనిరి. 1965లో ఇంగ్లండున రాబర్టు ఎడ్వర్డ్సు ఎలుక, గొఱ్ఱె, ఆవు, పంది, కోతి, మనుష్యస్త్రీల అండములను గాజుపాత్రలలో పరిపక్వము నొందించి చూపెను. 1978 జూలైలో ఓల్డాము పట్టణమున తొలి పరీక్షనాళికా శిశువు జన్మించుటకు కారకులైనవారిలో నొకడు ఇతడే. ఇతనికి 2010లో నోబెలు బహుమానము లభించెను.

నేటి ప్రయోగశాలలలో చేయు పద్ధతి యిది. కబేళాలో వధింపబడిన పందుల అండకోశములను గోరువెచ్చని ఉప్పునీటిలో నుంచి తెత్తురు. వానిపై మూడు మొదలు ఆఱు మిల్లీమీటరుల నీటిపొక్కులవంటి తిత్తులుండును. సూదితో ఆ తిత్తులలోని ద్రవమును పీల్చి, సూక్ష్మదర్శినిక్రింద అండములను ఏరుదురు. మంచి యండము ఒంటరిగా నుండదు. దాని చుట్టును చిన్న కణములు గుత్తులుగా మూగియుండును. ఆ గుత్తితో గూడ అండమును పోషకద్రవమున నుంచి, పంది ఒంటివేడిమియగు 39 డిగ్రీలకు సరిగా నుండు పెట్టెలో 42 మొదలు 44 గంటలు కాపాడుదురు. మొదటి సగముకాలము గ్రంథిరసములను చేర్చి, రెండవ సగమున వానిని మానుదురు. పెట్టెలో గాలి తడిగ నుండవలయును. బొగ్గుపులుసు వాయువు నూటికి అయిదు పాళ్లుండవలయును. ఇంత సంరక్షణ చేసినను లోపల పక్వమైన అండము పందికడుపులో పక్వమైన దానికి సాటి రాదు. పైకి చూచుటకు పండినట్లే యుండును. పురుషబీజము తగిలినప్పుడు ఒక్కటి చేరవలసినచోట రెండు మూడు చొరబడుట, పిండము నడుమ నశించుట మున్నగు లోపములు బయటపడును.

ఆ లోపమునకు కారణములు వెదకినవారి దృష్టి అండములోని కొవ్వుపై బడెను. పందియండమును సూక్ష్మదర్శినిలో చూచిన నల్లగ నుండును. కారణము దానినిండ కొవ్వుబిందువులుండుటయే. 2000వ సంవత్సరమున ప్రకటింపబడిన లెక్క ప్రకారము పందియండమొకదానిలో కొవ్వు ఆమ్లములు సుమారు 161 నానోగ్రాములు. గొఱ్ఱె యండమున 89. ఆవు అండమున 63. నానోగ్రామనగా గ్రాములో నూఱుకోట్లవ వంతు. కొలత స్వల్పమైనను తారతమ్యము గమనింపదగినది.

కొవ్వు ఆమ్లములనగా నేమి? ఆయుర్వేదజ్ఞులు ఘృతము, తైలము, వస, మజ్జ అని స్నేహములు నాలుగని చెప్పిరి. జిడ్డునకును ప్రేమకును స్నేహమను నొకే పేరుండుట మన భాషలలోని సొగసు. ఈ స్నేహములన్నియు ముఖ్యముగ గ్లిసరిను అను పదార్థమునకు మూడేసి చొప్పున కొవ్వు ఆమ్లములు కట్టబడి యేర్పడినవే. కట్టబడిన ఆమ్లముల జాతినిబట్టి స్నేహముయొక్క గుణము మారును. పుష్యమాసపు చలిలో నేయి గడ్డకట్టును, నువ్వులనూనె గడ్డకట్టదు. నేతిలో పామిటికు, స్టియరికు అను సంతృప్తామ్లములు హెచ్చు. అవి తిన్నని కడ్డీలవలె దగ్గఱగా ఒదిగి గట్టిపడును. నువ్వులనూనెలో ఒలియికు, లినోలియికు అను అసంతృప్తామ్లములు హెచ్చు. అవి వంగిన కడ్డీలవంటివి, సర్దుకొని నిలువజాలవు. అవిసెనూనెలో లినోలెనికు అను మఱియొక జాతి మెండుగ నున్నది. పందియండమున ముఖ్యములు పామిటికు, స్టియరికు, ఒలియికు ఆమ్లములే. పెక్కు వంపులుగల వానిలో లినోలియికు హెచ్చు.

ఈ కొవ్వు అండమునకు బరువు కాదు, దారిబత్తెము. సమమైన తూకమున పంచదారకంటె కొవ్వు రెండింతలకు మించిన శక్తినిచ్చును. పరిపాకకాలమున పందియండములోని కొవ్వు తఱుగుచున్నదని కొలిచి చూచిరి. కొవ్వు ఆమ్లములు దహింపబడకుండ అడ్డు మందు వేసినచో అండము మేల్కొనుట కుంటుపడినది. కొవ్వు ఆమ్లములను కణములోని పొయ్యిలకు, అనగా మైటోకాండ్రియాలకు, మోసికొనిపోవు కార్నిటైను అను పదార్థమును పోషకద్రవమున చేర్చినచో మేలు కలిగినది.

అట్లయిన వెలుపలినుండి కొవ్వు ఆమ్లములను కూడ పోయుదమా? ఇచ్చటనే జాగ్రత్త వలయును. జాతియు కొలదియు రెండును ముఖ్యములు. లినోలెనికు ఆమ్లమును లీటరు ద్రవమునకు పదునాలుగు మిల్లీగ్రాముల వంతున చేర్చినచో పందియండములు హెచ్చుగా పక్వమైనవనియు, వానిలో గ్లూటతయోను అను రక్షకపదార్థము పెరిగినదనియు కనుగొనిరి. చేపనూనెలో నుండు ఒక ఆమ్లము సైతము స్వల్పమాత్రలో మేలు చేసినది. కొలది మించినచో హాని. వంపులెక్కువైన ఆమ్లములు ప్రాణవాయువు తగిలి త్వరగా చెడును. నిలువనూనె చెడువాసన పట్టుటయు ఈ వికారమే. నూనె నీటిలో కలియదు గనుక ఈ ఆమ్లములను ఆల్బుమిను అను మాంసకృత్తునకు అంటించి ద్రవమున వేయుదురు. ఒక ప్రయోగశాలలో ఫలించినది వేఱొకచోట ఫలింపకుండుట తఱచు. పందుల వయస్సు, మేత, పోషకద్రవముల తీరు భేదించుటయే అందులకు హేతువని నా కూహ.

సంతృప్తామ్లముల సంగతి ఆవులయందు మిక్కిలి స్పష్టపడినది. అది పాడిగల యిండ్లవారికి పనికివచ్చును. మెండుగ పాలిచ్చు ఆవు ఈనిన తొలివారములలో తిన్నమేత చాలక తన ఒంటికొవ్వును కరగించుకొనును. ఆ కొవ్వు ఆమ్లములు రక్తమునుండి అండపు తిత్తిలోని ద్రవమునకును చేరును. బెల్జియమువారు అంత మాత్రముననే పామిటికు, స్టియరికు ఆమ్లములను ఆవు అండములకు తగిలింపగా పరిపాకము చెడినది. హాలండువారు వానితో ఒలియికు ఆమ్లమును చేర్చి చూడగా ఆ కీడు చాలవఱకు అణగినది. ఈనిన పశువు బక్కచిక్కి ఎంతకును చూలు కట్టకుండుటకు ఇది యొక కారణము. అండము చుట్టునుండు గుత్తికణములు వచ్చిన కొవ్వును తామే బిందువులుగా దాచుకొని అండమును కొంతవఱకు కాపాడుచున్నవి. అందుచేతనే ఆ గుత్తి రాలిపోయిన అండమును ప్రయోగశాలలవారు ఏరి పాఱవేయుదురు.

కొవ్వువలన పందియండమునకు మఱియొక చిక్కు గలదు. చలి పదునైదు డిగ్రీలకు దిగినచో పంది పిండములు చచ్చును. కనుక ఆవు పిండములవలె చల్లార్చి నిలువచేయుట వానికి కుదురలేదు. నగషిమా అను జపాను శాస్త్రజ్ఞుడును అతని తోడివారును దీనికొక ఉపాయము పన్నిరి. మజ్జిగ చిలికి వెన్న తీసినట్లు, ఫలదీకరణమైన చిఱుపిండములను యంత్రమున గిరగిర త్రిప్పి, ఒకప్రక్కకు చేరిన కొవ్వును సన్నని గాజుగొట్టముతో పీల్చివైచిరి. అప్పటికి పరిపాకము ముగిసి, కొవ్వుచే కావలసిన తొలిపని తీఱియున్నది. అట్లు కొవ్వు తీసిన పిండములను గడ్డకట్టించి, మరల కరగించి, ఆడుపంది గర్భమున నిలుపగా పిల్లలు పుట్టినట్లు 1995లో ప్రకటించిరి.