ఎలక్ట్రానును చూపే మెరుపు

పిల్లలూ! రాత్రి దీపం ఆర్పి పడుకున్నాక, కిటికీలోంచి మెరుపు వెలుగు పడినప్పుడు పైన తిరిగే ఫాను వంక చూడండి. పగలు రెక్కలన్నీ కలిసిపోయి కనిపించే ఫాను, ఆ క్షణంలో ఆగిపోయినట్టు ఉంటుంది. మెరుపు ఉన్న కాస్సేపట్లో రెక్క కదిలే దూరం చాలా తక్కువ గదా! కదిలేది ఎంత వేగమైతే, దాన్ని చూపే మెరుపు అంత పొట్టిది కావాలి.

పరమాణువులోని ఎలక్ట్రాను కదలికను చూడాలంటే అట్టోసెకనులలో కొలిచే మెరుపు కావాలి. సెకనును నూరు కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ నూరు కోట్ల ముక్కలు చేస్తే, ఒక్క ముక్క అట్టోసెకను. జగ్గయ్యపేటనుంచి నందిగామకు ఇంచుమించు 30 కిలోమీటర్లు. బస్సులో మనకు అరగంటైనా పడుతుంది. వెలుగుకు సెకనులో పదివేలవ వంతు చాలు. ఆ కాస్త కాలంలోనూ కోటి కోట్ల అట్టోసెకనులు ఉంటాయి!

ఇంత పొట్టి మెరుపును చేసేదెవరు? ఆ ఎలక్ట్రానే! మహా తీక్షణమైన లేజరు కాంతిని ఆర్గాన్, నియాన్ వంటి వాయువులోకి పంపుతారు. కాంతిలోని విద్యుద్బలం ఎలక్ట్రానును పరమాణువునుంచి ఊడలాగుతుంది. మరుక్షణమే ఆ బలం దిక్కు మారి, దాన్ని వెనక్కు తోస్తుంది. ఎలక్ట్రాను పరుగున వచ్చి తన పరమాణువులో మళ్ళీ చేరేటప్పుడు, పరుగులో సంపాదించిన శక్తిని వెలుగుగా విడిచిపెడుతుంది. అది కంటికి కనపడని అతినీలలోహిత కాంతి.

1987లో ఫ్రాన్సులో ఆన్ లుయిలియే అనే ఆమె, ఆమెతో పనిచేసేవారు వాయువునుంచి ఇటువంటి వెలుగులు రావటం చూచారు. 2001లో పియేర్ అగొస్తీని బృందం 250 అట్టోసెకనుల మెరుపుల వరుసను, ఫెరెన్స్ క్రౌజ్ బృందం 650 అట్టోసెకనుల ఒంటి మెరుపును సాధించాయి. 2023లో ఈ ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ మెరుపుతో ఏం తెలిసింది? వెలుగు తగిలితే ఎలక్ట్రాను ఆ క్షణమే బయటికి దూకుతుందని అనుకునేవారు. 2010లో క్రౌజ్ బృందం నియాన్ మీద మెరుపు వేసి చూస్తే, వేరువేరు స్థానాలలోని రెండు ఎలక్ట్రానులలో ఒకటి 21 అట్టోసెకనులు వెనకబడింది. కాని లెక్క కడితే అంత ఆలస్యం రాలేదు. కొలత తప్పా, లెక్క తప్పా? 2017లో స్వీడనులో లుయిలియే బృందం మరింత జాగ్రత్తగా కొలిచింది. ఈసారి కొలత లెక్కతో సరిపోయింది. మొదటి కొలతలో మరోరకం ఎలక్ట్రానులు కలిసి ఉండవచ్చునని తేలింది. చూచారా, ఎంత గొప్పవారి కొలతనైనా మళ్ళీ కొలిచి చూడవలసిందే!

జగ్గయ్యపేటనుంచి అదే రోడ్డున పడమరగా పోతే హైదరాబాదు వస్తుంది. అక్కడి టాటా మౌలిక పరిశోధన సంస్థలో కూడా తీక్షణమైన లేజరు కాంతులతో పరమాణువులను పరీక్షిస్తున్నారు.

ఇక మీకొక లెక్క. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మీ ఇంటినుంచి బడికి పోవటానికి దానికి ఎంతసేపు పడుతుందో కట్టండి. కట్టిన తరువాత, మరొక్కసారి సరిచూచుకోండి!