కలకత్తా ఐస్ హౌస్‌కి ఒక కవరు

కొల్లేటి చెరువుల్లో పట్టిన బొచ్చెలు, శీలావతులు ట్రేల్లో ఐసు కప్పుకుని, దెందులూరు మీదుగా హౌరా దారి పట్టడం ఈ ప్రాంతం వాళ్లు రోజూ చూసేదే. చేపతో పాటు కలకత్తాకు ఐసు కూడా మనమే పంపుతున్నామన్నమాట. నూట యాభై ఏళ్ల కిందట అదే ఊరికి ఐసు అమెరికా నుంచి ఓడల్లో దిగేది. ఆ ఐసు గోదాము చిరునామాతో వచ్చిన ఒక కవరుకు అమెరికా తపాలా చరిత్రలో ఇంతవరకు జోడీ దొరకలేదు.

ముందు ఐసు సంగతి. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్ని దిమ్మలుగా కోయించి, కరక్కుండా రంపపు పొట్టు కప్పించి, వేడి దేశాలకు అమ్మేవాడు. 1833 మేలో ‘టస్కనీ’ ఓడ 180 టన్నులతో బయల్దేరి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరింది. సుమారు వంద టన్నులు ఇంకా గడ్డగానే ఉంది! మద్రాసులోనూ 1842లో ఐస్ హౌస్ లేచింది. మెరీనా బీచి ఎదురుగా గుండ్రంగా కనిపించే ఆ భవనమే ఇప్పటి వివేకానంద స్మారకం. ఏలూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. అయితే ఆ చల్లదనం దొరల గ్లాసులు దాటి ఇంతదూరం వచ్చి ఉంటుందని నేననుకోను.

ఇక కవరు. 1873 ఆగస్టులో బోస్టన్‌లో పోస్టయింది. చిరునామా ‘ఐస్ హౌస్, కలకత్తా’. దాని మీద మూడు బిళ్లలు: 90 సెంట్లది, 12ది, 10ది. మొత్తం ఒక డాలరు 12 సెంట్లు. వీటిలో 90 సెంట్లదే అసలు విశేషం. 1869లో వచ్చిన వరసలో అన్నిటికంటే పెద్ద విలువ దానిదే, రెండు రంగుల్లో అబ్రహాం లింకన్ బొమ్మ. ఆ వరస జనానికి నచ్చలేదు, మరుసటి ఏడాదే కొత్తవి వచ్చేశాయి. బరువైన విదేశీ పొట్లాలకు తప్ప అంత ఖరీదైన బిళ్లతో ఎవరికీ పని ఉండేది కాదు. అలాంటి పొట్లం విప్పినవాడు పై కాగితం పారేస్తాడు, మహా అయితే బిళ్ల ఊడదీసి దాచుకుంటాడు. అందుకే విడిగా ఆ లింకన్ బిళ్లలు దొరుకుతాయి గానీ, కవరు మీద అంటుకుని మిగిలింది ఇదొక్కటే. ఆ ఒక్కటీ 1967లో ఇండియానాపొలిస్‌లో జె. డేవిడ్ బేకర్ అనే సేకర్త దగ్గర దొంగలపాలైంది. దాదాపు నలభై ఏళ్లు అయిపు లేదు. 2006లో షికాగోలో ఒక స్టాంపుల వ్యాపారి దగ్గరికి వచ్చినప్పుడు గుర్తుపట్టారు.

అదే 1869 వరసలో 15, 24, 30 సెంట్ల బిళ్లలు కొన్ని మధ్య బొమ్మ తలకిందులుగా అచ్చయ్యాయి. రెండో రంగు కోసం కాగితాన్ని మళ్లీ యంత్రంలో పెట్టేటప్పుడు తిప్పి పెట్టడమే కారణం. ఈ తప్పులో మాత్రం మనమే ముందు: 1854లో కలకత్తాలో ఎరుపు, నీలం రంగుల్లో అచ్చేసిన నాలుగణాల బిళ్లలో కొన్నింటి మీద విక్టోరియా రాణి శీర్షాసనం వేసింది.

విడి బిళ్లల్లో అరుదుతనానికి పేరు ‘జడ్ గ్రిల్’. తపాలా ముద్ర సిరా లోపలికి ఇంకి, కడిగి మళ్లీ వాడే వీలు లేకుండా కాగితం మీద సన్నటి గళ్లు నొక్కేవారు. ఆ గళ్లలో ఒక రకం ఉన్న ఒక సెంటు ఫ్రాంక్లిన్ బిళ్లలు లోకంలో రెండే తెలుసు. ఒకటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీది.

నిప్పును తప్పించుకున్న ఉత్తరాల కథలు ఇంకా విడ్డూరం. హవాయి అప్పటికి స్వతంత్ర రాజ్యం. 1851లో అక్కడ ‘మిషనరీ’ అని పేరుపడ్డ బిళ్లలు వచ్చాయి. వాటిలో రెండు సెంట్లది అంటించిన కవరు ఒకే ఒక్కటి మిగిలింది. హవాయి బిళ్లల పక్కనే అమెరికా మూడు సెంట్లవి రెండు ఉన్నాయి దాని మీద. పాత కాగితాలతో పాటు దాన్నీ ఒక ఫ్యాక్టరీ కొలిమిలో కుక్కారు. మరీ బిగించి కుక్కేసరికి గాలాడక మంట ఆరిపోయింది. ఏళ్ల తరవాత ఎవరో కొలిమి తెరిస్తే, అంచు కాస్త కమిలి, మిగతాదంతా క్షేమంగా బయటికి వచ్చింది.

రెండోదాన్ని కాల్చమన్నది రాసినవాడే. 1847 నవంబరులో వర్జీనియాలోని అలెగ్జాండ్రియా నుంచి జేమ్స్ హూఫ్ తన ప్రియురాలు జానెట్ బ్రౌన్‌కు రిచ్‌మండ్‌కు ఉత్తరం రాశాడు. చర్చిలు వేరని పెద్దలు ఒప్పుకోని ప్రేమ. ఎప్పటిలాగే చదివి తగలబెట్టమని చివర్లో రాశాడు. దేశమంతటికీ ఒకే బిళ్లలు ఆ ఏడాది జులైలోనే వచ్చినా, కవరు మీద ఉన్నది అంతకుముందు ఆ ఊరి పోస్టుమాస్టరు సొంతంగా అచ్చేయించుకున్న గుండ్రటి బిళ్ల. ఆ రకంలో నీలి కాగితం మీద అచ్చయింది ఇంకెక్కడా లేదు, అందుకే దానికి ‘బ్లూ బాయ్’ అని పేరు. జానెట్ మాట వినలేదు. 1853లో ఇద్దరికీ పెళ్లయింది. 1907లో వాళ్ల కూతురు అమ్మ కుట్టుపని పెట్టె సర్దుతుంటే ఆ ఉత్తరం కనబడింది. 1981లో దాన్ని పది లక్షల డాలర్లకు కొన్నారు.